మేడమ్ మడత

ఆ ఊరి ఆడవాళ్లని వెనకనుంచి చూసినా పోల్చుకోవచ్చు. వాళ్ల ఎడమ భుజం మీద మూడు సన్నటి మడతలుంటాయి. మెడ దగ్గర మొదలై, భుజం చివరికి వెళ్లేసరికి గుడ్డలో కలిసిపోతాయి. గౌనైనా, కోటైనా, ఆఫీసుకి వేసుకెళ్లే చొక్కా అయినా సరే, ఎడమ పక్కనే ఉంటాయి గానీ కుడి పక్కన ఉండవు. పోస్టాఫీసులో స్టాంపులమ్మే ఆవిడకి ఉన్నాయి, ఆస్పత్రిలో సూది పొడిచే నర్సుకి ఉన్నాయి. కొత్తగా బదిలీ మీద వచ్చినావిడ మొదటి వారం చూసి నవ్వుకుంటుంది, రెండో వారం ఎక్కడ కుట్టిస్తారని అడుగుతుంది, మూడో వారానికి ఆవిడ భుజం మీదా ఉంటాయి. వాటిని మేడమ్ మడత అంటారు. కుట్టేది కత్తెరమ్మ.

కత్తెరమ్మకి అసలు పేరు ఒకటి ఉంది గానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. బస్టాండు వెనక వీధిలో ఆవిడది రెండు గదుల కొట్టు. ముందు గదిలో కటింగు బల్ల, రెండు మిషన్లు, ఒక నిలువుటద్దం. వెనక గదిలో ఇస్త్రీపెట్టె, గుండీల డబ్బాలు, వదిన. కాజాలు, అంచుకుట్లు వదిన పని. అన్నయ్య లారీ మీద నెలకి ఇరవై రోజులు ఊళ్లు పట్టుకు తిరుగుతాడు కాబట్టి వదినకి మాట్లాడటానికి దొరికే మనిషి ఆడపడుచు ఒక్కతే. ఆ లోటు వదిన ఎప్పుడూ రానివ్వలేదు. పొద్దున ఎనిమిదింటికి నోరు తెరిచిందంటే షట్టరు దించేదాకా అది మూతపడదు.

ఇద్దరికీ పడనిది ఒక్క విషయంలోనే. వదినకి కొత్తగా వచ్చిన చిన్న హీరోయినంటే ప్రాణం. ఒక్క పాటలో ఏడు డ్రెస్సులు మారుస్తుందని, ఏడూ ఏడు రంగులని, చెప్పులు కూడా మారతాయని ఆవిడ గొప్ప. కత్తెరమ్మకి మేడమ్.

మేడమ్ అంటే ఆ రోజుల్లో వేరే వివరం అక్కర్లేదు. సినిమా వాళ్లలో చాలామంది మేడమ్‌లుంటారు, కానీ ఆ మాట ఒంటరిగా అంటే ఆవిడే. అందగత్తె అని చెప్పడానికి లేదు. ముక్కు కాస్త పొడుగు, నోరు కాస్త పెద్దది. కానీ తెర మీదికి వచ్చి ఊరికే నిలబడితే చాలు, పక్కనున్న అందగత్తెలందరూ ఎవరి పెళ్లికో వచ్చినట్టు కనబడేవారు. గుమ్మానికి ఎడమ భుజం ఆనించి నిలబడేది. మాట్లాడే ముందు కుడి భుజం ఒక్క అంగుళం ముందుకి తెచ్చేది. కోపం వస్తే ఎడమ చెయ్యి నడుము మీద పెట్టేది, అంతే, అరవడాలూ విసరడాలూ ఉండేవి కావు. ఆ చెయ్యి నడుము మీదికి వెళ్లగానే హాల్లో మగవాళ్లు కూడా సర్దుకుని కూచునేవారు.

తెర బయట ఇంకా బాగుంటుందని కత్తెరమ్మ వాదన. పత్రికల్లో వచ్చిన ఫొటోలన్నీ కత్తిరించి అట్టపెట్టెలో దాచింది. గుడ్డ కత్తెరతో కాదులెండి, కాగితానికి వేరే కత్తెర ఉంది. ఆ రెండూ ఎవరైనా కలిపేస్తే కోపంతో ఆవిడ మనిషి కాదు. విమానం దిగుతూ తెల్లచొక్కా, చేతులు రెండు మడతలు పైకి, ఎడమ భుజానికి పెద్ద తోలు సంచి, నగ అనేది ఒంటి మీద లేదు. మూడేళ్లలో మూడు సన్మానాలకి అదే నల్లగౌను. ఒక విలేకరి ఉండబట్టలేక, "ఇదే డ్రెస్సులో మళ్లీ వచ్చారేంటి మేడమ్?" అని అడిగితే, "పోయినసారి బాగుందన్నారు కదా, మళ్లీ బాగుండకూడదా?" అందట. ఆ మాట కత్తెరమ్మ కొట్లో గోడకి రాసి పెట్టుకోలేదు గానీ, కొత్త గుడ్డ కొనలేక పాతదాన్ని తిరగేసి కుట్టించుకోవడానికి సిగ్గుపడుతూ వచ్చిన ప్రతి మనిషికీ చెప్పేది. విన్నవాళ్లు తల ఎత్తుకుని వెళ్లేవారు.

ఇక ఆ మడత సంగతి. ఇరవై ఆరేళ్ల కిందట ఒక సినిమాలో మేడమ్ వకీలు. కేసు ఓడిపోయి, కిటికీ దగ్గర నిలబడి, ముదురు నీలం కోటుతో ఇటు తిరుగుతుంది. తిరిగినప్పుడు ఎడమ భుజం మీద వెలుగు పడి ఆ మడతలు ఒక్క క్షణం కనబడతాయి. ఆ ఒక్క క్షణం కోసం కత్తెరమ్మ ఆ సినిమాకి పదకొండుసార్లు వెళ్లింది. అందరికన్నా ముందు వరసలో, మెడ పట్టేసేలా కూచుని, ఒళ్లో పాత పేపరు పెట్టుకుని చీకట్లోనే సుద్దముక్కతో గీతలు గీసింది. రెండని ఒకసారి, నాలుగని ఒకసారి లెక్క తప్పి, చివరికి మూడని తేల్చింది. వదిన మాత్రం కథ ఏమిటని అడిగితే కత్తెరమ్మ చెప్పలేకపోయిందని ఇప్పటికీ ఊరంతా టముకు వేస్తుంది.

"ఒక్క పక్కనే ఎందుకు?" అని మొదట్లో అందరూ అడిగేవారు. తెలియదంటే టైలరు పరువేం కాను? "గుండె ఉన్న వైపు కదండీ, కాస్త గుడ్డ ఎక్కువుండాలి" అనేసింది కత్తెరమ్మ. ఆ క్షణంలో నోటికొచ్చిన మాట అది. తర్వాత ఆవిడే నమ్మింది. ఊరూ నమ్మింది.

తను మాత్రం ఎప్పుడూ ఆ మడత వేసుకోలేదు. పని చేసేటప్పుడు వేసుకునే బూడిద రంగు పాత గౌనే ఆవిడకి పండగకీ పబ్బానికీ. "నాకెక్కడ నప్పుతుందిలే" అనేది.

మూతబడిన సినిమా హాలు బాగుచేయించి మళ్లీ తెరుస్తున్నారనీ, రిబ్బను కత్తిరించడానికి మేడమ్ వస్తోందనీ తెలిసిన రోజు కత్తెరమ్మ చేతిలో సూది మూడుసార్లు గుచ్చుకుంది. స్కూలు హెడ్మిస్ట్రెస్ వచ్చి ఒక ఏర్పాటు చెప్పింది. ఆవిడ ఏది చెప్పినా స్కూలు అసెంబ్లీలో చెప్పినట్టే ఉంటుంది.

"ఊళ్లో ఆడవాళ్లందరం మడత వేసుకుని వెళ్దాం. ఆవిడ స్టేజీ ఎక్కగానే అందరం ఒక్కసారి లేచి, ఎడమ భుజం అటు తిప్పి నిలబడదాం. ఎలా ఉంటుందంటావ్?"

"అద్భుతంగా ఉంటుందండి" అంది కత్తెరమ్మ. ఆ తర్వాత మూడు వారాలు ఆవిడకి తలప్రాణం తోకకొచ్చింది. పాతవి సరిచేసినవీ కొత్తగా కుట్టినవీ కలిపి రెండొందల పైచిలుకు మడతలు. వదిన కాజాలు కుడుతూ, మా చిన్న హీరోయిన్ వస్తే ఊరికి ఏడు రంగులు వచ్చేవని సణుగుతూనే, తనకోసం ఒక ఊదారంగు గౌనుకి అందరికన్నా ముందు మడత పెట్టించుకుంది.

ఆదివారం సాయంత్రం ఐదింటికి సభ. ఆ రోజు పన్నెండింటికి, సన్నగా పొడుగ్గా ఉన్న ఒకాయన రెండు చెవులకీ రెండు ఫోన్లతో కొట్లోకి వచ్చాడు. మేడమ్ మేనేజరట.

"ఆడవాళ్లకి కుట్టే మనిషి ఎవరండీ ఇక్కడ? కాస్త వయసులో ఉన్నవాళ్లు కావాలి. ముఖ్యంగా ఎక్కువ మాట్లాడకూడదు."

వదిన వెనక గదిలోంచి తల బయట పెట్టింది. "అయితే నన్ను వదిలెయ్యండి బాబూ, మా ఆడపడుచుని తీసుకెళ్లండి. దాని మాటలు కూడా నేనే మాట్లాడుతుంటాను."

గెస్టుహౌసు మేడ మీది గదిలో మేడమ్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. అరవై రెండేళ్లు. మెడ దాకా కత్తిరించిన తెల్లజుట్టు, కాళ్లకి చెప్పుల్లేవు, ఉతికి ఉతికి మెత్తబడిన ఇంటి గౌను, దాని మీద పల్చటి శాలువా. ఇన్నేళ్లు ఎదురుచూసిన ముఖం ఎదురుగా ఉంటే కత్తెరమ్మ కళ్లు ముందు మోచేతి మీదికి వెళ్లాయి. అక్కడొక చిరుగుని, గుడ్డ నేతలో పోగు కలిసిపోయేలా ఎవరో కుట్టారు. అంత మంచి కుట్టు కత్తెరమ్మ ఈ జన్మలో చూడలేదు. పాతగౌనుకి అంత శ్రద్ధగా కుట్టు వేయించుకునే మనిషి మీద ఉన్న గౌరవం ఇంకో మెట్టెక్కింది.

"రండమ్మా. మెట్లెక్కి వచ్చారు, ముందు కూచోండి" అని మేడమ్ కుర్చీ తనే జరిపింది, గ్లాసులో నీళ్లు తనే పోసింది. మేనేజరుని ఒక్క చూపు చూస్తే ఆయన రెండు ఫోన్లతో సహా బయటికి వెళ్లిపోయాడు.

మంచం మీద ముదురాకుపచ్చ పొడుగు గౌను పరిచి ఉంది. మేడమ్ దాన్ని చూపించింది. "నాకు ముప్పై తొమ్మిదేళ్లు ఒకాయనే కుట్టాడు. మాస్టారనే వాళ్లం. నాలుగు నెలల కిందట పోయాడు. ఇది ఇంకెవరో కుట్టి పంపారు. బాగానే కుట్టారు గానీ నాకు సరిపోదు. సాయంత్రానికి సరిచెయ్యాలి. చెయ్యగలరా?"

"ముందు కొలతలు చూస్తానండి" అంది కత్తెరమ్మ.

టేపు తియ్యబోతే మేడమ్ వారించి, పౌడరు డబ్బాలోంచి ఒక తెల్లదారం తీసింది. బారెడు పొడుగు, దాన్నిండా ముడులు. మాస్టారు కొలతలు కాగితం మీద రాసేవాడు కాదట. పుస్తకంలో రాస్తే ఎవరి చేతికైనా వెళ్తుందని దారానికి ముడులు వేసేవాడట. "ఇది ఛాతీ, ఇది నడుము. ఇవి భుజాలు, మెడనుంచి కిందికి. ఇది కుడి, ఇది ఎడమ" అని మేడమ్ ముడి ముడీ పట్టుకుని చెప్పింది.

కత్తెరమ్మ దారాన్ని వేళ్ల మీద సాగదీసింది. కుడి ముడి ఒక చోటుంది, ఎడమ ముడి ఇంకో చోటుంది. దారం సాగిందేమో అనుకుంది. మళ్లీ చూసింది. ముప్పావు అంగుళం తేడా.

"శాలువా తీస్తారామ్మా" అంది.

మేడమ్ తీసింది. కత్తెరమ్మ రెండు అరచేతులూ రెండు భుజాల మీద పెట్టింది, ముప్పై ఏళ్లుగా ఊళ్లో అందరికీ పెట్టినట్టే. ఎడమ భుజం మీది చెయ్యి కిందికి దిగిపోయింది. ఎముక ఒక చోట విరిగి, వంకరగా అతుక్కుని ఉంది.

"రెండో సినిమాలో మెట్ల మీంచి పడ్డాను" అంది మేడమ్, వాతావరణం గురించి చెబుతున్నట్టు. "పది రోజుల్లో పాట ఉంది, ఆపడానికి వీల్లేదన్నారు. అది అలా అతుక్కుంది. వంకర భుజం హీరోయిన్‌ని ఎవరు పెట్టుకుంటారు? మాస్టారు ఒక ఉపాయం చేశాడు. ఎడమ పక్క మూడు మడతలు వేసి, లోపల పల్చటి దూది పెట్టి, రెండు పక్కలా ఎత్తు సమానం చేశాడు. ఆయనకీ నాకూ తప్ప ఇది ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు తెలుసు."



ముప్పై ఏళ్ల సినిమాలన్నీ కత్తెరమ్మ కళ్లముందు వెనక్కి తిరిగాయి. గుమ్మానికి ఆనించిన ఎడమ భుజం. ముందుకొచ్చే కుడి భుజం. నడుము మీది చెయ్యి, అది పెడితే భుజం లేస్తుంది కదా. తోలు సంచి ఎప్పుడూ ఎడమ పక్కే, బరువుకి వాలిందనుకుంటారని. తను చూసి మురిసిపోయిన స్టైలు ప్రతిదీ ఈవిడ నొప్పిని మోస్తూ చేసిన పని. చూసేవాళ్లకి ఒక్కసారైనా అనుమానం రానివ్వకుండా, ఇలా కాక ఇంకోలా నిలబడటమే తప్పేమో అనిపించేలా చేసింది. కత్తెరమ్మకి ఆ క్షణాన కలిగింది జాలి కాదు. అంత పనితనం ఎదురుగా చూస్తే తోటి పనివాళ్లకి కలిగే గౌరవం అది. కళ్లనిండా నీళ్లొచ్చాయి.

వెంటనే రెండో సంగతి గుర్తొచ్చి ఆ నీళ్లు అక్కడే ఆగిపోయాయి. సాయంత్రం ఐదింటికి రెండొందల మంది లేచి ఆ భుజాన్నే ఈవిడ వైపు తిప్పి చూపించబోతున్నారు. నలభై ఏళ్లు దాచుకున్న దాన్ని ఊరంతా కలిసి వెక్కిరించినట్టు ఉంటుంది. ఇప్పుడు పరుగెత్తి ఆపుదామా అంటే, ఏమని ఆపాలి? ఊరికే వదిలిపెట్టే మనుషులు కారు, ఎందుకు ఎందుకు అని పీక మీద కూచుంటారు. ఏం చెప్పినా ఈవిడ రహస్యం బయటపడుతుంది. ఊరుకుంటే ఈవిడ పదిమందిలో తల దించుకోవాలి. ఎటు చూసినా దారి లేదు. ఉన్న ఒక్క దారీ తన పరువు తీసేది.

గౌను చేతిలోకి తీసుకుని, కింద పెట్టి, మళ్లీ తీసుకుంది.

"మేడమ్, నేనొక తప్పు చేశాను. ఇవాళ కాదు, ఇరవై ఆరేళ్ల నుంచీ చేస్తున్నాను."

అంతా చెప్పింది. నీలం కోటు, పదకొండుసార్లు, సుద్దముక్క, పోస్టాఫీసు, నర్సు, హెడ్మిస్ట్రెస్, సాయంత్రం ఐదు. గుండె వైపని కోసిన కోత కూడా దాచలేదు. చెప్పడం అయ్యేసరికి మేడమ్ కిటికీ వైపు తిరిగి ఉంది. ముఖం కనబడలేదు.

"ఎంతమంది?"

"రెండొందల పైనేనండి."

"ఒకరిని పిలిపించండి. చూడాలి."

మేనేజరు వెళ్లి వదినని తీసుకొచ్చాడు. ఊదారంగు గౌనులో వచ్చింది వదిన. చిన్న హీరోయిన్ పార్టీ మనిషి, గుమ్మంలో మేడమ్‌ని చూడగానే నోరెళ్లబెట్టి అలాగే ఉండిపోయింది. పెళ్లయి ఇరవై తొమ్మిదేళ్లలో వదిన నోట మాట రాకపోవడం కత్తెరమ్మ చూడటం అదే మొదలు.

మేడమ్ దగ్గరికి వచ్చి, ఆ మడతల మీద వేలు పెట్టి మెడనుంచి చివరిదాకా నెమ్మదిగా జరిపింది. "మూడు" అంది. "చివర్లో మాస్టారిలాగే కలిపేశారు. బాగుందమ్మా మీకు."

"నాకు... నాకు ఏదేసినా బాగుంటుందండి" అని వదిన ఏదో అనేసి, తను ఏమందో తనకే తెలిసి, గోడకేసి జరిగింది. ఇస్త్రీపెట్టె పట్టుకు రమ్మని కత్తెరమ్మ కిందికి పంపించాక గాని ఆవిడకి ఊపిరి ఆడలేదు.

తలుపు వేశాక మేడమ్ మంచం అంచున కూచుంది. "హాల్లో ఎవరూ పట్టుకోలేరు, నువ్వు హాయిగా నిద్రపో అనేవాడు మాస్టారు. ఆయన మాట మీద ఇన్నేళ్లు నిద్రపోయాను. నువ్వు ముందు వరసలో కూచుని లెక్కపెట్టావన్నమాట." ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో కత్తెరమ్మ గమనించలేదు. "అంత కన్నున్నదానివి, ఎందుకు పెట్టారో తెలుసుకోలేకపోయావా?"

"ఊళ్లో ఏ మనిషికీ రెండు భుజాలూ ఒకటి కావమ్మా. ముప్పై ఏళ్లలో ఒక్కరికి కూడా నేను చూడలేదు. అందరికీ ఎంతో కొంత తేడా ఉంటుంది, నేను గుడ్డలో సర్దేస్తాను. రోజూ చేసే పనే" అంది కత్తెరమ్మ. "మీ విషయంలో మాత్రం ఆ ఊహే రాలేదు. మీకు కూడా ఉంటుందని తోచలేదు."

మేడమ్ నవ్వింది. పెద్దనోరు నిండా, తెర మీద ఎప్పుడూ నవ్వనంతగా నవ్వింది.

"ఆ దూదీ మడతా ఏవీ వద్దు. నా ఒళ్లు ఎలా ఉందో అలా కుట్టు."

"మేడమ్!"

"నలభై ఏళ్లు ఒక్కదాన్నే మోశాను. ఇవాళ రెండొందల మంది మోస్తున్నారు కదా. నేను కాస్త దించుకుంటాను."

దొంగకుట్టు వేసి దాచడం టైలరుకి తేలిక. ఉన్నదున్నట్టు చూపిస్తూ గుడ్డ ఎక్కడా ముడత పడకుండా కుట్టడమే కష్టం. కత్తెరమ్మ ఎడమ భుజం కుట్టు మొత్తం విప్పింది. చివర ముప్పావు అంగుళం దించింది. చంక గుండ్రం అంతే దించింది, లేకపోతే చెయ్యెత్తినప్పుడు పట్టేస్తుంది. ముందు పక్క టక్కు కొంచెం పక్కకి జరిపింది. మూడుసార్లు తొడిగి చూసింది, మూడోసారి గుడ్డ ఒంటి మీద నీళ్లలా జారింది. టేపు ఒక్కసారి కూడా తియ్యలేదు, కాగితం ముట్టలేదు. ముడుల దారమే సరిపోయింది. నాలుగున్నరకి వదిన కింద మెట్ల మీద కూచునే ఇస్త్రీ చేసి పైకి పంపింది.

హాలు కిటకిటలాడుతోంది. కత్తెరమ్మ పదో వరసలో వదిన పక్కన కూచుంది. ఇంతమంది కుట్టించుకునేవాళ్లే, ఇన్నేళ్లుగా భుజం అంటే ఏమిటో ఎరిగినవాళ్లే. దీపాల కింద అది కనబడకుండా ఉంటుందా? ఎవరైనా ఒక్కరు పక్కవాళ్ల చెవిలో గుసగుసలాడితే చాలు.

మేడమ్ స్టేజీ మీదికి వచ్చింది. సంచి లేదు, శాలువా లేదు, గుమ్మం లేదు. రెండు చేతులూ పక్కలకి వదిలేసి సరిగ్గా మధ్యలో నిలబడింది. ఎడమ భుజం వాలింది వాలినట్టే ఉంది. హెడ్మిస్ట్రెస్ చప్పట్లు కొట్టగానే రెండొందల మంది ఆడవాళ్లూ ఒక్కసారి లేచి ఎడమ భుజాలు తిప్పారు.

ఆవిడ చూసింది. ముందు వరసనుంచి చివరి వరసదాకా, తొందర లేకుండా, ఒక్కొక్క భుజాన్నీ చూసింది.

"దీన్ని కనిపెట్టినాయన మా మాస్టారు" అంది మేడమ్ మైకులో. "ఇది ఎవరికీ కనబడదు అనేవాడు. ఈ ఊరికి కనబడింది. ఆయన ఉంటే ఇవాళ ఎగిరి గంతేసేవాడు. ఇంతకీ ఇది ఎడమ పక్కే ఎందుకో మీకు తెలుసా?"

"గుండె ఉన్న వైపు!" అని హాలంతా అరిచింది.

మేడమ్ పదో వరస వైపు చూసింది. కళ్లు కూడా ఆర్పలేదు.

"సరిగ్గా అదే. మాస్టారు కూడా అదే చెప్పాడు."

ఇంత పెద్ద అబద్ధాన్ని అంత నిజంగా చెప్పగలిగిన మనిషి ఆవిడ ఒక్కతే. కత్తెరమ్మ నూరు సినిమాలు చూసింది, ఆవిడ అంత బాగా ఎప్పుడూ నటించలేదు. అది తనకోసం చేసింది. వదిన భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది కత్తెరమ్మ. "ఇదేంటే అమ్మాయ్, సంతోషానికి ఇంత ఏడుస్తారా?" అని వీపు నిమురుతూ వదిన కూడా ముక్కు చీదింది. ఆ రోజునుంచి చిన్న హీరోయిన్ ఊసు కొట్లో కాస్త తగ్గింది.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద పదిహేను మంది ఉన్నారు. ముందు హెడ్మిస్ట్రెస్. నిన్నటి గౌను చేతిలో ఉంది.

"చూశావా నిన్న? ఎంత బాగుందో ఆ ఆకుపచ్చ గౌను! ఎడమ భుజం కొంచెం వాలుగా, నిర్లక్ష్యంగా... ఇదే కొత్త స్టైలని మా అందరికీ అప్పుడే అర్థమైపోయింది. నాకు ఆ వాలు కావాలి. ఎంత దించుతావు?"

రెండొందల గౌన్లూ మళ్లీ విప్పాలా అని వెనక గదిలో వదిన చేతిలోంచి గుండీల డబ్బా జారిపడింది. కత్తెరమ్మ హెడ్మిస్ట్రెస్‌ని అద్దం ముందు నిలబెట్టి, రెండు అరచేతులూ రెండు భుజాల మీద పెట్టింది. ఎడమ చెయ్యి కిందికి దిగింది. ముప్పై ఏళ్లు పుస్తకాల సంచి మోసిన భుజం అది, అర అంగుళం పైనే తేడా. ఇరవై ఆరేళ్లుగా ప్రతి గౌనులోనూ ఆవిడకి తెలియకుండా తను సర్దుకుంటూ వస్తున్నదే.

"మీకు దించక్కర్లేదండి" అంది కత్తెరమ్మ, మడత కుట్టు విప్పడానికి సన్న కత్తెర అందుకుంటూ. "మీకు ముందునుంచీ ఉంది."

హెడ్మిస్ట్రెస్ అద్దంలో అటు తిరిగింది, ఇటు తిరిగింది. ముఖం వెలిగిపోయింది.

"నిజంగానా? మేడమ్‌కి ఉన్నట్టేనా?"

"అచ్చం మేడమ్‌కి ఉన్నట్టే."